మట్ట పడ్డ కారు ఎవరిది?

ఆ ఎండు కొబ్బరి మట్ట రాత్రి ఏ వేళప్పుడు పడిందో తెలియదు. పొద్దున్నే పాలకి బయల్దేరిన మా ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది, "ఏవండీ, మీ కారు మీద మట్ట పడిందండీ" అని. వెళ్ళి చూస్తే ముందు అద్దం మీద సాలెగూడులా పగుళ్ళు. మట్ట మొదలు వైపర్ మీద తలపెట్టి పడుకుని ఉంది. కారు ఇంటికొచ్చి అది పదకొండో రోజు.

కోనసీమలో కొబ్బరిచెట్టు కింద బండి పెట్టకూడదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా దొడ్లో చెట్టు కింద కాని జాగా లేదు, ఏం చేస్తాం?

ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధీమాతో మా ఊరి ఏజెంటుకి ఫోన్ చేశాను. వరసకి తమ్ముడవుతాడు. వచ్చి, పాలసీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నయ్యా, ఇది మాస్టారి పేరు మీద ఉంది కదా" అన్నాడు. అవును, కారు ఆయన దగ్గరే కొన్నాను అన్నాను. "మరి మాస్టారికి పాలసీ ఉంది, కారు లేదు. మీకు కారు ఉంది, పాలసీ లేదు. ఈ అద్దానికి డబ్బులెవరు అడుగుతారు?"

అద్దానికి నా జేబులోంచే 5,800 రూపాయలు పోయాయి. అక్కడితో అయిపోయినా బాగుండేది.

ఆ కారు యానాంలో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర కొన్నాను. 2016 మోడల్, పెట్రోలు బండి, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. 2 లక్షల 60 వేలకి కుదిరింది. యానాం మాకు దూరమేం కాదు. మురమళ్ళ దాటి ఎదుర్లంక వంతెన ఎక్కితే, గౌతమి అవతలి ఒడ్డు యానామే. 2002లో ఆ వంతెన రాకముందు రేవు దాటి వెళ్ళేవాళ్ళం. భాష ఒకటే, చుట్టరికాలూ ఒకటే. కానీ 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. బండి నంబర్ పీవై 04తో మొదలవుతుంది. అంటే నేను కొన్నది పక్కూరి కారే అయినా, లెక్కకి వేరే రాష్ట్రం కారులాంటిదే. బేరమాడేటప్పుడు ఈ ముక్క బుర్రకెక్కలేదు.

మాస్టారు సంతకాలు పెట్టిన యజమాని మార్పు కాగితాలు (ఫారం 29, ఫారం 30), సీ బుక్కు, ఇన్సూరెన్స్ కాగితం అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిచ్చారు. నేను డబ్బూ, తాపేశ్వరం కాజా పొట్లం ఇచ్చాను. బండి నడుపుకుంటూ వంతెన మీదుగా వచ్చేశాను. వంతెన మధ్యలో రొయ్యల వ్యాను ఒకటి అద్దానికి జానెడు దూరంలో దూసుకుపోయింది. అప్పుడు నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎందుకు ఇంకిపోయిందంటే, పాలసీ నా పేరుకి మార్చడానికి తమ్ముడు నా లైసెన్సు అడిగాడు. పర్సులోంచి తీసిచ్చాను. అక్షరాలు సగం అరిగిపోయాయి. కార్డుని కళ్ళకి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కాసేపాగి అడిగాడు: "అన్నయ్యా, మీకు యాభై ఎప్పుడు నిండాయి?"

జూన్‌లో నిండాయి. అప్పుడు నవంబరు, 2023. నేను లైసెన్సు తీసుకున్నది 2004లో. అప్పటి లెక్కలో 20 ఏళ్ళు గానీ, 50 ఏళ్ళ వయసు గానీ, ఏది ముందొస్తే అది. నాకు వయసే ముందొచ్చింది. కేకు కోసిన రోజు నుంచీ నేను లైసెన్సు లేని మనిషినన్నమాట.

ఇక ఆ రాత్రి నిద్ర లేదు. ఆ రొయ్యల వ్యాను నాకు తగిలి ఉంటే? తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. 1988 మోటారు వాహనాల చట్టంలో 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే పాలసీ కూడా కొన్నవాళ్ళకి మారినట్టే లెక్క, కానీ అది ఎదుటివాళ్ళకి జరిగే నష్టం వరకే. మన బండికి తగిలే దెబ్బలకి కావాలంటే 14 రోజుల్లో మనమే వెళ్ళి పేరు మార్పించుకోవాలి. ఇక లైసెన్సు లేకుండా నడిపితే, కంపెనీ ఎదుటివాళ్ళకి కట్టినా ఆ సొమ్ము తర్వాత నా దగ్గర వసూలు చేసుకోవచ్చు. మాకున్న ఎకరం కొబ్బరితోట కళ్ళ ముందు తిరిగింది.

కాబట్టి ముందు లైసెన్సు. గడువు దాటి ఏడాది కాలేదు కాబట్టి మళ్ళీ టెస్టు అక్కర్లేదన్నారు, బతికిపోయాను. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. డాక్టరుగారు గోడ మీద అక్షరాలు చదివించి, రంగులు అడిగి, "కళ్ళు బానే ఉన్నాయి, తేదీలు చూడ్డమే రాలేదు" అని ముద్ర వేశారు. అసలు తంటా పేరు దగ్గరొచ్చింది. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. మన తెలుగువాళ్ళకి ఈ ఇంటిపేరు పెట్టినన్ని తిప్పలు ఇంకేదీ పెట్టదు. పదో తరగతి సర్టిఫికెట్ బీరువా అడుగు నుంచి తీసి, దాన్ని చూపిస్తే ఒప్పుకున్నారు. స్లాట్ రోజు వెళ్ళి ఫోటో దిగి, సంతకం పెట్టి వచ్చాను. యాభైకీ యాభై అయిదుకీ మధ్య ఇస్తే అరవై నిండేదాకా ఇస్తారు కాబట్టి 2033 జూన్ వరకూ ఉంది. ఆ తేదీ ఇప్పుడు మా క్యాలెండర్ మేకు పక్కన గోడ మీద రాసి ఉంది.

తర్వాత పాలసీ పేరు మార్పు. దరఖాస్తు, మాస్టారి అంగీకార పత్రం, బండి ఫోటోలు ఇచ్చాం. ఇంతలో ఇంకో పిడుగు. మాస్టారు ఏళ్ళ తరబడి క్లెయిమ్ చేయలేదు కాబట్టి ఆయన ప్రీమియంలో సొంత బండి దెబ్బలకి కట్టే భాగం మీద 45 శాతం నో క్లెయిమ్ బోనస్ తగ్గింది. ఆ బోనస్ మనిషిదే గానీ బండిది కాదట. మిగిలిన నెలలకి ఆ తేడా నేను కట్టాలి. కట్టాను. మాస్టారు మాత్రం ఆ బోనస్‌కి కాగితం తీసుకుని, మూడేళ్ళలోపు కొత్త కారుకి వాడుకోవచ్చని మురిసిపోయారు. ఓనర్ ప్రమాద బీమా 15 లక్షలది కూడా విడిగా నా పేరున తీసుకున్నాను. దానికీ చెల్లుబాటయ్యే లైసెన్సే ఆధారం.

ఇక బండిని ఆంధ్రాకి తేవడం. బయటి నంబర్ బండిని మన దగ్గర ఏడాదికి మించి ఉంచుకోవాలంటే ఇక్కడి నంబర్ వేయించాల్సిందే. దానికి ముందు అక్కడి నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఫారం 28. ఆన్‌లైన్‌లో పెడితే సీ బుక్కులో బ్యాంకు లోన్ ఇంకా అలాగే ఉంది. మాస్టారు అప్పు ఎప్పుడో తీర్చేశారు గానీ, ఆర్టీవో ఆఫీసులో బ్యాంకు పేరు కొట్టించలేదు. పైగా ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. అప్పు తీరిందని కాగితం ఒక పేరుతో, సీ బుక్కులో ఇంకో పేరు. లోన్ పేరు తీయించే ఫారం 35 తీసుకుని ఆయనా నేనూ రెండు సార్లు తిరిగాం. ఓటీపీలేమో మాస్టారి అబ్బాయి పాత నంబర్‌కి పోతున్నాయి, ఆ అబ్బాయి కువైట్‌లో. మొదట ఆ నంబర్ మార్పించాం. కట్టని చలానా ఒకటి తేలింది, అది మాస్టారే కట్టారు. "స్పీడుగా వెళ్ళానంటున్నారండి, నేనా?" అని మాత్రం మూడు రోజులు బాధపడ్డారు.

ఫారం మీద ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ అతికించాలి. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితే ఇనుము మీద చెక్కిన అంకెలు కనిపించాయి. బురద, ఒక అర్ధరూపాయి, ఎండిన మల్లెపువ్వు ఉన్నాయి అక్కడ. మాస్టారు తడిగుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ ముక్కని పడుకోబెట్టి మెల్లగా రుద్దారు. "చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం కదండీ, అలాగే" అన్నారు. నల్లటి మసిలోంచి తెల్లగా ఒక్కో అంకె పైకి తేలింది. మొదటిసారి ఎనిమిదో, బీయో తేలలేదు. రెండోసారి పెన్సిల్ మార్చి రుద్దితే వచ్చింది. ఆయన ఇంకో రెండు ప్రింట్లు తీసిచ్చారు, దాచుకోమని. బళ్ళో పిల్లలకి డ్రాయింగ్ కూడా చెప్పేవారట.

ఎన్‌వోసీ చేతికొచ్చాక మా వైపు పని త్వరగానే అయింది. కొత్త నంబర్‌కి ఫారం 27, పేరు మార్పుకి 29, 30 పెట్టాం. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు బండి చూశారు. లైఫ్ ట్యాక్స్ మాత్రం నేను కొన్న రేటు మీద కాదు, 2016లో కొత్తబండి బిల్లు మీద, వయసుని బట్టి లెక్కగట్టారు. బేరమాడి మాస్టారి దగ్గర తగ్గించుకున్నదంతా అక్కడ పోసేశాను. పీవై నంబర్ బండి మీకెవరైనా చవగ్గా ఇస్తున్నారంటే, ఆ పన్నెంతో ముందు కనుక్కుని అప్పుడు బేరానికి కూర్చోండి.

మే నెలలో ఏపీ 39 నంబర్ వచ్చింది. హై సెక్యూరిటీ ప్లేట్లు బిగించారు. నంబర్ మారింది కాబట్టి పాలసీలో మళ్ళీ ఒక సవరణ. తమ్ముడు ఈసారి నేను అడక్కుండానే వచ్చాడు. అప్పటికే కారు చెట్టు కింద లేదు. పశువుల పాకలో గడ్డివాము పక్కకి జరిపి జాగా చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. "ఏమండోయ్, మీ బండి ఇన్సూరెన్స్ నెలాఖరుకి అయిపోతోందంటండి. నాకు మెసేజ్ వచ్చింది."

పాలసీలో పేరు మార్చాం, బండి నంబర్ మార్చాం. ఫోన్ నంబర్ సంగతి తమ్ముడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.