గుడ్డుతో పాటు చదువు కూడా కావాలి

"అంగన్వాడీలో ఏం చెబుతారండీ, గుడ్డెట్టి పంపేత్తారు." కోనసీమలో మూడేళ్ల పిల్లని కాన్వెంట్ ఆటో ఎక్కించే తల్లిని అడిగితే ఎక్కువగా వినిపించే మాట ఇదే. రొయ్యల షెడ్డులోనో, వరినాట్లలోనో నడుం వంచి సంపాదించిన డబ్బుతో ఎల్‌కేజీ ఫీజు కట్టే ఆ తల్లిని నేను తప్పు పట్టలేను. కానీ ఆ ఫీజుకి చాలాచోట్ల దొరుకుతున్నది ఏంటి? వేళ్లు ఇంకా సరిగ్గా వంగని పిల్ల చేత ఏబీసీడీలు దిద్దించడం, పైగా హోంవర్క్! ఆ వయసుకి కావలసింది కథలు, పాటలు, చింతపిక్కలతో లెక్కలు, అదీ ఇంట్లో మాట్లాడే భాషలో. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకే దశగా చూసి, ఆటలతోనే నేర్పమంది.

నిజానికి 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (అంగన్వాడీలను నడిపే కేంద్ర పథకం) మొదలైనప్పటి నుంచీ పూర్వ ప్రాథమిక విద్య అంగన్వాడీ పనుల్లో ఒకటి. మరి ఎందుకు జరగడం లేదంటే, చెప్పాల్సిన టీచర్ గారు ఒక్కరే, ఆవిడే పిల్లల బరువులు తూచాలి, గర్భిణులకు సరుకులివ్వాలి, టీకాల రోజు అందర్నీ పిలుచుకు రావాలి, ఇవన్నీ ఫోన్లో ఎక్కించాలి, చాలాచోట్ల ఓటర్ల జాబితా పని కూడా ఆవిడదే. ఇంత పనికీ ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆవిడ గౌరవ వేతనం నెలకి 11,500 రూపాయలు చేశారు, ఆయాకి 7,000. జీతం పెంచమని అంగన్వాడీ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు, గుర్తుందా?

ఇంకో సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అని మాత్రమే 11వ సెక్షన్ చెబుతుంది. అంటే చేయకపోతే అడిగే దారి లేదు. ఆ వయసు కూడా హక్కులోకి రావాలి. ప్రతి సెంటర్‌కీ చదువు కోసమే రెండో టీచర్ ఉండాలి, తల్లి పని నుంచి వచ్చేదాకా సెంటర్ తెరిచి ఉండాలి. గోదావరి మధ్యనున్న లంక ఊళ్లకి ఇది మరీ అవసరం, వరదకి కాజ్‌వే మునిగితే కాన్వెంట్ ఆటో రాదు, ఊళ్లోని సెంటర్ ఒక్కటే దిక్కు.

ఒకసారి పొద్దున్న పదకొండింటికి మీ ఊరి సెంటర్‌కి వెళ్లి చూడండి. టీచర్ గారు పిల్లల్ని వదిలేసి ఫోన్‌తో కుస్తీ పడుతుంటే ఆవిడని తిట్టకండి, గ్రామసభలో లేచి రెండో టీచర్‌ని అడగండి.