126 కోసం ఆరు నెలలు

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో గైడు గారు ఒక షరతు పెట్టారు. కొత్త హార్మోన్ల సంగతి తర్వాత, ముందు తెలిసినదాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో, అంటే అణువుల బరువు తూచే యంత్రంలో, పట్టి చూపించమన్నారు. నా వంతుకు గ్రెలిన్ వచ్చింది. ఆకలి పుట్టించే హార్మోన్, మొత్తం 28 అమైనో ఆమ్లాలు. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం దాన్ని ఎలుక జీర్ణాశయంలోంచే బయటికి తీసింది. దారి తెలిసిందే కదా, నెలలో అయిపోతుందనుకున్నాను.

మొదటి రన్ నిండా కెరటిన్ అనే ప్రోటీనే. అంటే నా చర్మం పొట్టు, నా జుట్టు! ఆ రోజు నుంచి జడ మడిచి టోపీలోకి తోసేదాన్ని.

రెండోసారి కెరటిన్ తగ్గింది గానీ గ్రెలిన్ జాడ లేదు. సీనియర్ అక్క నా నోట్‌బుక్ తిరగేసింది.

"ట్రిప్సిన్ వేశావా?"

"వేశానక్కా, ప్రోటోకాల్‌లో ఉంది."

"అది పెద్ద ప్రోటీన్లకే. దీన్నీ తరిగేస్తే ఇంకేం మిగులుతుంది?"

నిజమే. ట్రిప్సిన్ ప్రోటీన్లను తరిగే ఎంజైము; లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు కనబడ్డచోటల్లా కోస్తుంది. ఎలుక గ్రెలిన్‌లో అవి ఏడున్నాయి.

ట్రిప్సిన్ మానేశాక 638 దగ్గర పీకు వచ్చింది. యంత్రం చూపేది అణువు బరువును దాని మీదున్న చార్జీల సంఖ్యతో భాగించిన అంకె. ఒక్కో యూనిట్ బరువు తేడాతో వచ్చే పక్కపక్క ఐసోటోప్ గీతల మధ్య దూరం 0.2, అంటే ఐదు చార్జీలు. లెక్కగడితే బరువు సుమారు 3,188 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే యూనిట్). ఎగిరి గంతేశాను. అక్క మాత్రం, "126 ఏదే?" అంది.

జపాన్ వాళ్లనూ ముప్పుతిప్పలు పెట్టింది ఆ 126 డాల్టన్లే. అమైనో ఆమ్లాల వరస చూసి తయారుచేసిన గ్రెలిన్ అసలు పనిచేయలేదు. సహజమైనది దానికంటే 126 బరువెక్కువని మాస్ స్పెక్ చెప్పింది. మూడో అమైనో ఆమ్లం సెరీన్ మీద ఎనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంది. అది లేని గ్రెలిన్ కూడా శరీరంలో ఉంటుంది, కానీ నా శాంపిల్లో అదొక్కటే ఉందంటే తప్పు నా చేతుల్లోనే. ఎలుకల జీర్ణాశయాలన్నీ కోసేదాకా బల్లమీదే ఉంచేదాన్ని. ఆలోపు కణజాలంలోని ఎంజైములు ఆ తోకను ఊడగొట్టేవి.

నాలుగోసారి కోసిన ముక్క కోసినట్టే మరుగుతున్న నీళ్లలో వేశాను, ఆ తర్వాత ఆమ్లంలో రుబ్బాను. సాయంత్రం స్క్రీన్ మీద 638 పక్కనే, 663 దాటాక ఇంకో పీకు లేచింది. 126ను ఐదుతో భాగించాను. 25.2. స్కేలు పెట్టి కొలిచినంత సరిగ్గా అక్కడే ఉంది.