620 మీటర్ల కాలిబాట కోసం పదకొండు నెలలు

నిన్న సాయంత్రం ఉత్తరం అందింది. రెండు పురపాలక సంఘాల హద్దు దగ్గర తెగిపోయి ఉన్న 620 మీటర్ల దారిని ప్రాంతీయ నడక మార్గాల ప్రణాళికలో చేర్చి, మొదటి విడత నిధుల జాబితాలో పెట్టారు. దీనికి పదకొండు నెలలు తిరిగాను.

ఇటువైపు కాలిబాట రైల్వే స్టేషన్ నుంచి వచ్చి హద్దు రాయి దగ్గర ఆగిపోతుంది. అటువైపుది ఆసుపత్రి నుంచి వచ్చి కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. ఆ మధ్య దూరమంతా వాహనాల పక్కనే రోడ్డంచున నడవాలి. అది మీదంటే మీదని రెండు సంఘాలూ తోసేసుకున్నాయి. ఒక్కో సంఘం తన వీధుల వరకే చూసుకుంటుంది. హద్దుకు రెండు వైపులనూ ఒకే పటంలో చూసి డబ్బు కేటాయించగలిగేది ప్రాంతీయ ప్రణాళికా సంస్థ ఒక్కటే కనుక అక్కడికే వెళ్లాను.

అర్జీ, సంతకాలు, పటం వారం రోజుల్లో పూర్తయ్యాయి.

నన్ను కుంగదీసింది సాంకేతిక పరిశీలన సమావేశం. ఉదయం పది గంటలకు రమ్మని, మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. అధ్యక్షత వహించిన ఇంజనీరు నా అర్జీని చదవకుండానే పేజీలు తిప్పేసి, "అక్కడ నడిచేదెవరమ్మా? మా లెక్కలో గంటకు తొమ్మిది మందే ఉన్నారు. ఎవరూ నడవని చోట కాలిబాట వేస్తే రేపు ఆడిట్‌కు జవాబు చెప్పాల్సింది నేను" అన్నారు. మా నాన్నగారు చక్రాల కుర్చీలో ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ దారే గతి అని చెప్పబోయాను. "సొంత ఇబ్బందులు ఇక్కడ వద్దు, అంకెలు తీసుకురండి" అన్నారు. బల్లకు అటుపక్క ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు వింటూ కాగితాలు సర్దుకుని బయటికి వచ్చిన క్షణం ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

దారే లేని చోట నడిచేవాళ్లను లెక్కపెట్టి, నడిచేవాళ్లే లేరని తేల్చడం అన్యాయం. నడవలేకపోయినవాళ్లు ఏమవుతున్నారో చూడాలనిపించింది. చెల్లెలూ నేనూ మూడు రోజులు, ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా, హద్దుకు ముందున్న బస్ స్టాపులో నిలబడి, ఎక్కబోయేవారిని ఎక్కడ దిగుతారని అడిగాం. పావుగంటకొక గడి చొప్పున రాసుకున్నాం. కేవలం ఒక్క స్టాపు దూరానికి, అంటే ఆ 620 మీటర్లు దాటడానికే, డబ్బిచ్చి బస్సెక్కినవాళ్లు రోజుకు రెండు వందలకు తగ్గలేదు.

తరువాత టేపు పట్టుకుని ఉన్న కాలిబాటనే కొలిచాను. దస్త్రంలో దాని వెడల్పు మీటరున్నర. కానీ హద్దుకు కొద్ది దూరంలో విద్యుత్ స్తంభానికీ ప్రహరీ గోడకూ మధ్య మిగిలింది 64 సెంటీమీటర్లే. నాన్నగారి కుర్చీ వెడల్పు 66. అక్కడ చక్రం తిప్పబోయి ఆయన వేళ్ల కణుపులు గోడకు గీసుకుపోయిన గుర్తులు ఇంకా మానలేదు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా తప్పుకోవాలంటే 1.8 మీటర్లు కావాలి.

కల్వర్టు దగ్గరి సిగ్నల్ సంగతీ అంతే. సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారన్న అంచనాతో 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు ఇచ్చారు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దవారికి పదిహేడున్నర పడుతుంది. వాహనాలు కదిలేసరికి వారింకా నడిరోడ్డు మీదే ఉంటారు. నడిచేవారూ వాహనాలూ తరచుగా కలిసే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ మంత్రుల సమావేశం ప్రకటించింది. ఆ ప్రకటనను అదే ఏడాది ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించింది. ఈ మాటను అర్జీలో తేదీతో సహా పెట్టండి, పక్కన పెట్టేయడం కష్టమవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. విచారణ కౌంటరు దగ్గర కాలం వృథా చేయకండి. అక్కడ నాకు మూడుసార్లు మూడు రకాల ఫారాలు ఇచ్చారు. నాకు నిజంగా దారి చూపింది పటాలు గీసే విభాగంలోని ఒక చిన్న ఉద్యోగిని. స్టేషన్‌నూ ఆసుపత్రినీ కలిపే దారులకు ప్రాధాన్య మార్కులు ఎక్కువనీ, నా అర్జీలో ఆ రెండు పేర్లూ ఒకే వాక్యంలో లేవనీ ఆమె వరండాలో నిలబడి చెప్పింది. సమావేశంలో కూర్చున్న ఏడుగురిలో ఒక్కరికీ ఆ మాట చెప్పాలనిపించలేదు. పౌరులు అడిగినప్పుడు నియమం ఏమిటో చెప్పడం ఉద్యోగ ధర్మమని నేను నమ్ముతాను.

రెండో సమావేశంలో అదే ఇంజనీరు నా లెక్కను గడిగడికీ పరీక్షించారు. ఒక్క అంకె కూడా తప్పుపట్టలేకపోయారు. అది గర్వంగానే చెప్పుకుంటాను.

మంజూరైన వెడల్పు 1.8 మీటర్లు. స్తంభం జరపమని విద్యుత్ విభాగానికి లేఖ వెళ్లింది. దాని నంబరు తీసుకుని దాచుకున్నాను. సోమవారం అక్కడికి వెళ్తున్నాను.