డాట్ కామ్ ఇప్పుడెందుకు అంటున్నాడు మా బావ

అసలు డొమైన్ పేర్లు, అంటే డాట్ కామ్ లాంటి వెబ్‌సైట్ అడ్రస్ పేర్లు, వచ్చింది అమ్ముకోడానికి కాదండీ. ఇంటర్నెట్‌కి ముందొచ్చిన అమెరికా నెట్‌వర్క్ ఆర్పానెట్ రోజుల్లో ఏ కంప్యూటర్‌ది ఏ నంబరో ఒక్క ఫైల్లో రాసి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంచేవారు, అందరూ దాన్నే కాపీ చేసుకునేవారు, మెషిన్లు పెరిగేసరికి అది కుదరక 1983లో పాల్ మోకపెట్రిస్ పేరు చెబితే నంబరు వెతికిచ్చే డీఎన్ఎస్ అనే ఏర్పాటు తయారుచేశాడు. నంబర్లు గుర్తుండవు కాబట్టి పేర్లు, అంతే. డాట్ కామ్ వ్యాపారాలకి, డాట్ నెట్ నెట్‌వర్క్ నడిపేవాళ్లకి అని ఓ వరస ఉండేది, 1995 దాకా రిజిస్ట్రేషన్ ఫ్రీ కూడానూ. ఆ ఏడాది రెండేళ్లకి 100 డాలర్లు అన్నారు, అయినా ఆగలేదు జనం, విజయనగరం చుట్టూ ప్లాట్లు కొని పడేసినట్టు పేర్లు కొనేసి కూర్చున్నారు.

పేరు చివర వచ్చే దేశాల కోడ్లది ఇంకో తమాషా. డాట్ టీవీ తువాలు అనే బుల్లి దీవుల దేశానిది, డాట్ ఏఐ కరీబియన్ దీవి అంగ్విల్లాది, కొనే కంపెనీలకి ఆ ఊసే అక్కర్లేదు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది గానీ మా వైపు ఏ షాపు బోర్డు మీదా నేనైతే చూళ్లేదు.

పొందూరులో ఖద్దరు అమ్మే మా బావ "డొమైనెందుకురా, చీర ఫొటో వాట్సాప్‌లోనే అడుగుతున్నారు, డబ్బులు ఫోన్‌పేలో పడిపోతున్నాయి" అంటాడు. నిజమే, అడ్రస్ బార్‌లో పేరు కొట్టేదెవరిప్పుడు. కానీ బావా, రేపు వాట్సాప్ అకౌంట్ పోతే ఏటి చేస్తావు? డొమైన్ కొని బిల్లు బుక్కు మీద షాపు పేరుతోనే ఈమెయిల్ వేయిస్తే హైదరాబాద్ పార్టీ కూడా నమ్ముతాడు కదేటి. కొనమనే చెప్పాను, ఇంకా కొనలేదు.