ఉదయగిరి రాళ్ళ కోసం ఒక ఫ్రేము

ఉదయగిరి నుంచి తిరిగొచ్చిన ఆదివారం సాయంత్రం సైకిలు కడుగుతుంటే, సీటు రాడ్డు దిగే గొట్టం మీద వెంట్రుకంత గీత కనబడింది. మట్టేమో అనుకుని గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీకితే గోరు లోపలికి దిగింది.

మర్నాడు నెల్లూరులో నేను ఎప్పుడూ వెళ్ళే సైకిలు షాపు అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గీత వైపు చూడనే లేదు. సీటు రాడ్డు బయటికి లాగి, దాని పక్కన స్టీలు స్కేలు పెట్టాడు. గొట్టంలో ఉన్నంత మేరా గీతలు పడి ఉంది, అది ఆరు సెంటీమీటర్లు. ఇంతకు మించి పైకి లాగొద్దని రాడ్డు మీద అచ్చు వేసిన గుర్తేమో గొట్టం పైన రెండంగుళాల ఎత్తున ఎండలో మెరుస్తోంది.

"ఎట్టా తొక్కావబ్బయా ఇన్నాళ్ళు? ఈ ఫ్రేము నీకు కొన్ననాడే చిన్నది."

నిజమే. నా ఎత్తు 182 సెంటీమీటర్లు. ఆరేళ్ళ కిందట ఆఫర్‌లో మీడియం సైజు ఒక్కటే మిగిలితే, సీటు ఎత్తుకుంటే సరిపోతుందిలే అని కొన్నాను. పొడుగాటి రాడ్డు పైకి లాగేసి దాని మీద కూర్చుంటే, గుంతలో పడ్డప్పుడల్లా అది గడ్డపారలా గొట్టం అంచుని పెకిలిస్తుంది. వెల్డింగ్ పెట్టిద్దామా అంటే అన్న తల అడ్డంగా ఊపాడు. అది 6061 అల్యూమినియం. వెల్డు చేశాక మళ్ళీ పద్ధతిగా వేడి చేసి గట్టిపరిస్తేగానీ పాత బలం రాదు. ఆ పని మన ఆటోనగర్‌లో అయ్యేది కాదు.

సరే, ఫ్రేము ఒక్కటి మార్చి మిగతా సామానంతా దానికే బిగించేద్దాం, నలభై వేలల్లో తేలిపోతుంది అనుకున్నాను. ఈ లెక్క మొదటి వారంలోనే తప్పింది. నా పాత వెనక చక్రం నడుమనుండే హబ్బు 135 మిల్లీమీటర్ల వెడల్పు, మీట తిప్పితే ఊడే క్విక్ రిలీజ్‌ది. కొండ దారుల కోసం ఇప్పుడొచ్చే ట్రెయిల్ ఫ్రేముల్లో చాలావాటికి 148 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు. దాన్నే బూస్ట్ అంటారు. ముందు చక్రాన్ని పట్టుకునే పాత ఫోర్కు కాడ పైనుంచి కిందిదాకా ఒకటే లావు, ఆ కాడ దూరే మెడ గొట్టం కొత్త ఫ్రేముల్లో కిందివైపు వెడల్పు. దీనికి రింగు వేసి సరిచేయొచ్చుగానీ, 100 మిల్లీమీటర్లు మాత్రమే కుంగే ఆ ఫోర్కు పెడితే ఫ్రేము ముందుకి ముక్కు వాలుస్తుంది. సీటు రాడ్డు నాది 27.2, వాళ్ళది 31.6. చివరికి పాత సైకిలు నుంచి పనికొచ్చేవి బ్రేకులు, గేర్లు, క్రాంకు, హ్యాండిలు, రిమ్ములు.

సర్లీ కంపెనీ కరాటే మంకీ అని ఒక స్టీలు ఫ్రేము ఉంది. దాని వెనక వెడల్పు కావాలనే మధ్యస్థంగా 145 మిల్లీమీటర్లు పెట్టారు. 142, 148 హబ్బులు రెండూ పడతాయి, వాషర్లు వేస్తే నా పాత 135 కూడా పడుతుంది. మనసు లాగిందిగానీ తెప్పించుకునే ఖర్చు, కస్టమ్స్ సుంకం చూసి ఆగిపోయాను.

పది రోజులు రాత్రిళ్ళు కొలతల పట్టికలు చూసీ చూసీ బుర్ర వేడెక్కింది. చివరికి, అసలు ఇప్పుడు నేను ఎలా కూర్చుంటున్నానో కొలవకుండా ఇవన్నీ చదివి ఏం లాభం అనిపించింది. మా బాబాయి తాపీ మేస్త్రీ. తూకం గుండు పట్టుకుని వచ్చాడు. పెడళ్ళ ఇరుసు నడిమధ్య నుంచి నిట్టనిలువు గీత, మెడ గొట్టం పైఅంచు నడిమధ్య నుంచి ఇంకోటి. ఆ రెండు గీతల మధ్య దూరమే రీచ్. గోడ మీద సుద్దముక్కతో గీసి కొలిస్తే 410 మిల్లీమీటర్లు వచ్చింది. దానికి హ్యాండిలుని మెడకి కలిపే 90 మిల్లీమీటర్ల స్టెమ్ కలిపితే 500. అంటే ఫ్రేము పొట్టిదైతే ఆ లోటుని పొడుగు స్టెమ్‌తో పూడ్చి అమ్మారన్నమాట. దిగుడులో నా బరువంతా ముందు చక్రం మీదికి ఎందుకు పోతుందో, ఉదయగిరి దుర్గం కింది మేకల దారుల్లో పలుగు రాళ్ళ మీద రెండుసార్లు హ్యాండిలు మీదుగా ఎందుకు ఎగిరిపడ్డానో ఆ సుద్ద గీతల దగ్గర అర్థమైంది. ఆ దుర్గాన్ని 1514లో పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకే నెలల తరబడి ముట్టడి పట్టిందని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి. తప్పు స్టెమ్‌దని తెలియక.

వడపోతలో రెండు మిగిలాయి. ఒకటి అల్యూమినియం, కొత్తది, రీచ్ 480, మెడ కోణం, అంటే మెడ గొట్టం నేలతో చేసే కోణం, 64 డిగ్రీలు. రెండోది బెంగళూరులో ఒకాయన అమ్ముతున్న క్రోమోలీ స్టీలు ఫ్రేము, రీచ్ 460, కోణం 65.5, 130 మిల్లీమీటర్ల ఫోర్కు కోసం చేసింది. మెడ కోణం ఎంత తగ్గితే దిగుడులో అంత ధైర్యం అని అందరూ అంటుంటే మొదట అల్యూమినియం వైపే మొగ్గాను.

కాగితం మీది కోణం వేరు, మనం ఎక్కి కూర్చున్నాక ఉండే కోణం వేరు. ఇవన్నీ హార్డ్‌టెయిల్ రకం, అంటే వెనక స్ప్రింగు ఉండదు, కుంగేది ముందు ఫోర్కు ఒక్కటే. 130లో నాలుగో వంతు కుంగితే సుమారు 32 మిల్లీమీటర్లు. ముందు 20 మిల్లీమీటర్లు దిగితే కోణం దాదాపు ఒక డిగ్రీ నిటారవుతుంది. కాబట్టి 65.5 కాస్తా 67 అవుతుంది, సీటు గొట్టం కోణమూ అంతే పెరుగుతుంది, రీచ్ సెంటీమీటరుకు పైనే సాగుతుంది. కొందరు తయారీదారులు కుంగిన తర్వాతి లెక్కలు ఇస్తారు, ఎక్కువమంది కుంగకముందువి ఇస్తారు. ఇది చూసుకోకుండా పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

అలా చూస్తే 460 కూడా నాకు పొట్టి కాదు. 45 మిల్లీమీటర్ల స్టెమ్ వేస్తే 505, పాతదాని కంటే కొంచెం ఎక్కువే. పైగా సీటు కోణం 73 నుంచి 75.5కి మారితే నా సీటు ఎత్తు 75 సెంటీమీటర్ల దగ్గర సీటు మూడు సెంటీమీటర్ల పైచిలుకు ముందుకొస్తుంది. కూర్చుంటే హ్యాండిలు దగ్గర, లేచి నిలబడితే బోలెడు చోటు. నేను వారంలో నాలుగు రోజులు తొక్కేది సర్వేపల్లి కాలువ గట్టు మీద, నెలకోసారి పెంచలకోన వైపో ఉదయగిరో. 64 డిగ్రీల సైకిలు మెల్లగా ఎక్కే దారుల్లో ముందు చక్రం అటూ ఇటూ వాలుతూ విసిగిస్తుంది. నాకు ఎక్కడమే ఎక్కువ, దిగడం పావుగంట.

స్టీలు మెత్తగా ఊగుతుంది, హాయిగా ఉంటుంది అని చెప్పేవాళ్ళ మాట నేను పెద్దగా నమ్మను. హార్డ్‌టెయిల్‌లో వెనక ఉన్న స్ప్రింగల్లా టైరే. అందుకే 2.6 అంగుళాల టైరు పట్టే చోటుందా లేదా అన్నది నాకు ముఖ్యమైంది. ఆ టైరు ట్యూబ్‌లెస్ చేసి, చిల్లులు పూడ్చే సీలెంట్ పోసి 22 పీఎస్ఐ గాలితో తొక్కొచ్చు. సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్న మన ఊళ్ళో సీలెంట్ లేకుండా కాలువ గట్టు ఎక్కడమే తప్పు. నేను చూసుకున్న రెండో విషయం, పెడళ్ళ ఇరుసు బేరింగు మర బిగించే రకమై ఉండాలి. నొక్కి దించే రకమైతే దుమ్ము పట్టి కిర్రుమంటుంది, ఊడదీయడానికి వేరే పనిముట్లు కావాలి. అన్న దగ్గర అవి లేవు.

బెంగళూరు ఫ్రేము ట్రావెల్స్ బస్సు డిక్కీలో తెల్లవారుజామున దిగింది. డబ్బు మొత్తం పంపే ముందు వంకర చూసుకుంటానని ఒప్పించుకున్నాను. మళ్ళీ బాబాయి దారమే. వెనక ఇరుసు పట్టే ఒక చివర నుంచి మెడ గొట్టం చుట్టి రెండో చివరికి లాగి కట్టాలి, దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు రెండు పక్కలా కొలవాలి. ఒక పక్క 35 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 35. బాబాయి కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి కొలిచి, "గోడలు కూడా ఇంత సూటిగా రావు" అన్నాడు.

స్టీలుతో భయం తుప్పు. మైపాడు సముద్రం నుంచి మా ఇంటికి ఇరవై కిలోమీటర్ల పైనే ఉన్నా, గేటు కమ్మీలు ఎలా తయారవుతాయో చూస్తూనే ఉన్నాం. పెయింటు షాపులో అవిసె నూనె కొని, గొట్టాల్లో పోసి, ఫ్రేముని అన్ని వైపులా తిప్పి, మిగిలింది కార్చేసి రెండు రోజులు ఆరబెట్టాను. ఇల్లంతా ఆ వాసన. ఇంట్లో తిట్లు వేరే.

కొత్త హబ్బు, 32 పుల్లలు, పాత ఫోర్కు బదులు సెకండ్ హ్యాండ్ 130 ఫోర్కు, హెడ్‌సెట్ (మెడ గొట్టం బేరింగులు), సీటు రాడ్డు, అన్నీ కలిపి నలభై అనుకున్నది తొంభై దగ్గర ఆగింది. చక్రం అల్లడానికే అన్నకి రెండు సాయంత్రాలు పట్టింది.

బిగించడం అయ్యాక సీటు నా కాళ్ళకి సరిచేశాను. ఎక్కబోతుంటే అన్న ఆపాడు. సీటు రాడ్డు మీద గొట్టం అంచు దగ్గర టేపు చుట్టి, బయటికి లాగి, అదే స్టీలు స్కేలు పెట్టాడు.

"పదిహేడు. ఇంక పో, యాడికి పోతావో."

నేరుగా కాలువ గట్టు ఎక్కాను. మూడో గేరులో ఇంకా టిక్కుటిక్కుమంటోంది.