ఒక పూట సెలవు

2023 మార్చి 27వ తేదీ రాత్రి దగ్గుతో పాటు దోసెడు రక్తం పడేవరకు, నాది సామాన్యమైన దగ్గు కాదని నేను ఒప్పుకోలేదు. అది సంక్రాంతి వెళ్ళిన వారంలో మొదలైంది. విజయవాడలో ఒక బ్యాంకు శాఖలో రుణాల విభాగం చూస్తున్నాను. వాయిదా కట్టక తొంభై రోజులు దాటితే మొండి బాకీల కింద చేరిపోయే ఖాతాల జాబితా పట్టుకుని ఫోన్లు చేయడం, వసూళ్ళకు తిరగడం, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరడం ఏటా జనవరి నుంచి మార్చి 31 వరకు మాకు మామూలే. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడితే అలసట అనుకున్నాను. బరువు 52 కిలోల నుంచి 46కు దిగితే వేళకు తినకపోవడం వల్లనేమో అనుకున్నాను.

వీధి చివర క్లినిక్‌లోని వైద్యుడు మూడుసార్లు యాంటీబయాటిక్, సిరప్ మార్చి మార్చి రాశారే గాని, తెమడ పరీక్ష మాట ఒక్కసారీ ఎత్తలేదు. దగ్గు రెండు వారాలు దాటితే ఆ పరీక్ష చేయించాలని ప్రభుత్వ ఆసుపత్రి గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆయన మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు. అయితే ఆయన చీటీ నాకూ అనుకూలంగానే ఉండేదని దాచను, ఎందుకంటే సిరప్ తాగడానికి సెలవు అక్కరలేదు.

ఆ రాత్రి మావారు పని మీద విశాఖపట్నంలో ఉన్నారు. నా దగ్గుకు పాప లేచి వచ్చి స్నానాల గది గుమ్మం దగ్గర నిలబడింది. అత్తయ్యగారు దాని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి పక్కకు తీసుకువెళ్ళి, ఎదురింటివారిని లేపి, వారి కారులో నన్ను ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. డ్యూటీలో ఉన్న వైద్యురాలు ఎక్స్‌రే చూసి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని అడిగారు. ఆరేళ్ళ పాప ఉందని, నా పక్కలోనే పడుకుంటుందని చెప్పాను. "చదువుకున్నారు, బ్యాంకులో ఆఫీసరు అంటున్నారు, ఈపాటి తెలియదా అండీ మీకు?" అని, నా జవాబు కోసం ఆగకుండా మరో మంచం దగ్గరకు వెళ్ళిపోయారు.

రక్తం చూసినప్పుడు కలగని భయం ఆ మాటతో కలిగింది. గడచిన రెండు నెలల్లో పాప ఎప్పుడెప్పుడు దగ్గిందో, ఏ రోజు అన్నం వద్దన్నదో, ఏ రాత్రి దాని నుదురు వెచ్చగా తగిలిందో తెల్లవారేదాకా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. రోజంతా దానికి దూరంగా ఉండే నేను దానికోసం మిగుల్చుకున్నది పడుకోబోయే ముందు ఒక్క గంట; మొహంలో మొహం పెట్టి కబుర్లు చెప్పుకునే ఆ గంటలోనే దానికి జబ్బు అంటించానేమో అన్న ఊహను భరించలేకపోయాను.

మరునాడు క్షయ అని తేలింది. క్షయకు ఇచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని కూడా తేలింది. రెండు రోజులకు మేనేజరుగారు ఫోన్ చేసి, ఎలా ఉన్నావని అడగకముందే ఒక ఫైలు ఎక్కడ పెట్టావని అడిగారు. తరువాత నా సెలవు మంజూరు చేయించడానికి తిరిగినదీ ఆయనే.

మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. నా బరువుకు రోజూ మూడు మాత్రలు, మొత్తం ఆరు నెలలు. మొదటి రెండు వారాలు కిటికీలు తెరిచిన గదిలో వేరుగా ఉన్నాను. ప్రసూతి సెలవు తరువాత అన్ని రోజులు ఏకబిగిన ఇంట్లో ఉన్నది అప్పుడే. పాప తలుపు అవతల కూర్చుని తెలుగు వాచకం గట్టిగా చదివేది, తప్పు చదివితే నేను లోపలి నుంచి దిద్దేదాన్ని. పాపకు ఎక్స్‌రే తీసి జబ్బు లేదని తేల్చి, ముందు జాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్ అనే క్షయ మందు ఇచ్చారు. ఆ ఎక్స్‌రే చూసిన రోజున గాని నాకు నిద్ర పట్టలేదు.

ఆ కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్తకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఇది గాలి ద్వారా వచ్చేదే గాని కంచాలు, గ్లాసుల వల్ల రాదని ఆమె అత్తయ్యగారికి ఓపికగా చెప్పింది. పోషణ కోసం ప్రభుత్వం నెలకు 500 రూపాయలు నా ఖాతాలో వేసింది. ఆ పద్దులను ఇతరుల పాస్‌బుక్కుల్లో ఎన్నోసార్లు చూసి కూడా వాటి వెనుక మనిషి గురించి ఆలోచించనందుకు సిగ్గుపడ్డాను.

చూడవచ్చిన బంధువొకరు, ఇల్లు పట్టని ఉద్యోగాలు చేస్తే ఇలాగే ఉంటుందన్నారు. ఉద్యోగం మానేసి ఉంటే ఈ జబ్బు రాకపోయేదంటే నేను ఒప్పుకోను. ఫిబ్రవరిలో ఒక్క పూట సెలవు పెట్టి తెమడ పరీక్ష చేయించుకుని ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదంటే మాత్రం ఒప్పుకుంటాను. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవారు ఎవరైనా సరే, ఆ పూట సెలవును వాయిదా వేయకండి.

సెప్టెంబరు చివర మందులు పూర్తయ్యాక, అత్తయ్యగారి మొక్కు ప్రకారం ఇంద్రకీలాద్రి మెట్లన్నీ ఎక్కి అమ్మవారిని దర్శించుకున్నాను. మెట్ల మీద ఒక్కసారీ దగ్గు రాలేదు. మరుసటి మార్చిలో సాయంత్రం ఆరున్నర దాటి ఉండలేనని మేనేజరుగారికి ముందే రాసి ఇచ్చాను. వాయిదా వేసుకున్న ప్రమోషన్ పరీక్ష కూడా రాశాను. పాప మళ్ళీ నా పక్కలోనే పడుకుంటోంది గాని, గదిలోకి వచ్చే ముందు ఇప్పటికీ తలుపు తట్టి, "అమ్మా, రావచ్చా?" అని అడుగుతోంది. అడగకుండా రావచ్చని రోజూ చెబుతున్నాను.