ఫ్రిజ్‌లో లేహ్యం

2021 మే. కరోనా జ్వరం మొదలై ఏడో రోజు. ఆయాసమేమీ లేదు, కానీ వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ 91 చూపించింది, అంటే తక్కువే. మా ఆవిడ మూడు వేళ్లు మార్చి చూసింది. అదే 91.

మాది నెల్లూరు. కృష్ణపట్నం దగ్గరే. అక్కడ ఆనందయ్య అనే ఆయన కరోనాకని నాటు మందు పంచుతున్నాడు, లేహ్యం, కంటి చుక్కలు. తమ్ముడు 21వ తేదీ తెల్లవారకముందే దాని కోసం బండి తీశాడు. అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. ఆ రోజే పంపిణీ ఆగిపోయింది. ఎవరినో బతిమాలి చిన్న డబ్బాడు లేహ్యం తెచ్చాడు. కంటి చుక్కలు దొరకలేదని వాడికి ఒకటే బాధ.

హైదరాబాద్ నుంచి బావమరిది ఫోన్. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ కలిసి తెచ్చిన 2-డీజీ అనే కరోనా మందు పొడికి అత్యవసర అనుమతి వచ్చింది, అదెలాగైనా సంపాదిస్తానంటాడు. ఇద్దరికీ స్పీకర్ ఫోన్‌లో గొడవ.

"ఆ లేహ్యాన్ని ఎవరు పరీక్షించారు?"

"మరి నీ పొడినో?"

మూడో దశ ప్రయోగం 220 మంది మీద చేశారని బావమరిది జవాబు. దేశమంతా మింగబోయే మందుకి 220 మందేనా అని నాకూ అనిపించింది, కానీ మాట్లాడితే దగ్గు.

డాక్టరు రెండూ వద్దన్నారు. ఆక్సిజన్ పెట్టి, బోర్లా పడుకోమని, డెక్సామెథసోన్ మొదలుపెట్టారు. చాలా చవకైన పాత స్టెరాయిడ్. బ్రిటన్‌లో వేలమంది మీద పరీక్షించి, ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో చావులు తగ్గిస్తుందని 2020 జూన్‌లోనే తేల్చారట. ఆక్సిజన్ బాగున్నవాళ్లకి మాత్రం లాభం లేదు, చేటు కూడా చెయ్యొచ్చు. అందుకే ముందు ఇవ్వలేదన్నారు. మా ఇంట్లో దాని పేరెత్తినవాళ్లు ఒక్కరూ లేరు. చవక మందు కోసం ఎవరు కొట్టుకుంటారు?

పదకొండో రోజు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాను. బాత్రూమ్‌కి వెళ్లొస్తే కాళ్లు వణికేవి. స్టెరాయిడ్ వల్ల షుగర్ 300 దాటి, నెలరోజులు ఇన్సులిన్ వేసుకున్నాను. ఈలోపు, మే 31న, కంటి చుక్కలు తప్ప మిగతా ఆనందయ్య మందుకి ప్రభుత్వం ఒప్పుకుంది. హాని లేదన్నారు, పనిచేస్తుందని మాత్రం చెప్పలేదు. తమ్ముడికి మొదటి మాటే వినబడింది.

డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మూత తీసి, వేలితో కొంచెం నాకి చూశాను. ఘాటు, వెనకే తీపి. సాయంత్రం తమ్ముడు డబ్బా చూసి, "మందు ఇంట్లో ఉండబట్టే బతికావన్నా" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. షుగర్ చూసుకోవాల్సిన టైమైంది.